దసరా సెలవులకు వారం రోజులు చెన్నై వెళ్తామంటే బంధువులందరూ నవ్వుతున్నారు

అలిపిరి మెట్లు
బ్రహ్మోత్సవాల రద్దీలో తిరుపతిలో సొంత వీధి దాటడానికి ఎంత అవస్థ పడాలో ఇక్కడి సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈసారి దసరా సెలవుల్లో వారం రోజులు ఊరు వదిలి వెళ్ళాలని ఇంట్లో తీర్మానించుకున్నాము. నేను, మా ఆవిడ, ఎనిమిది, అయిదు తరగతులు చదువుతున్న ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ, మొత్తం అయిదుగురం. నేను చెన్నై అన్నాను. మా బావమరిది అది విని, "పొద్దున గరుడాద్రి ఎక్కి పోయి అదే రైల్లో రాత్రికి ఇల్లు చేరే ఊరది, అక్కడ వారం రోజులు ఏం చేస్తావు బావా, హైదరాబాదు పో" అని నవ్వాడు. ఆలోచిస్తే, నాకు తెలిసిన చెన్నై అంతా ఒక కంటి ఆసుపత్రి, టీ నగర్‌లో నాలుగు బట్టల కొట్లు, అంతే. మన జిల్లాలో చాలామందికి ఆ ఊరితో ఉన్న పరిచయం ఇంతకు మించదేమో. వారం రోజులకు సరిపడా చూడవలసినవి అక్కడ ఉన్నాయా? ఎక్కడ దిగితే మంచిది? అమ్మ తినగలిగే భోజనం ఎక్కడ దొరుకుతుంది?

తోతాపురి
హైదరాబాదు వెళ్ళినా చివరికి చీరల కొట్టు ముందు సంచులు పట్టుకుని నిలబడవలసింది మీరే. రైల్లో ఒక రాత్రి మాత్రం అదనంగా గడుస్తుంది.

బెల్లం మండీ
నేను ఒప్పుకోను. ఆ కాలంలో చెన్నైలో ఉక్కపోత ఇంకా తగ్గి ఉండదు, అక్టోబరు రెండో సగానికి ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి, అంటే చెమటో వానో రెండింటిలో ఒకటి తప్పదు. మా చిత్తూరు వాళ్ళం కారు తీస్తే పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు చేరుకుంటాము. చల్లటి గాలి, లాల్‌బాగ్, పిల్లలకు విశ్వేశ్వరయ్య మ్యూజియం, ఇంతకంటే ఏం కావాలి?

రేణిగుంట జంక్షన్
బెంగళూరులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళడంలోనే సగం సెలవు కరిగిపోతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి చెన్నైలో ఉన్న పెద్ద సౌకర్యం రైలు. అలిపిరి మెట్లు గారు టీ నగర్‌లో కాకుండా ఎగ్మూరులో గది తీసుకుంటే మంచిది. సెంట్రల్‌లో దిగి మెట్రోలో తరువాతి స్టేషనులోనే దిగవచ్చు, మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి కాబట్టి అమ్మగారికి మెట్లెక్కే బాధ ఉండదు. అక్కడి నుంచి వడపళని మురుగన్ గుడికి అదే మెట్రోలో నేరుగా వెళ్ళవచ్చు. టీ నగర్‌కు ఎగ్మూరులోనే తాంబరం వైపు వెళ్ళే లోకల్ రైలెక్కి మాంబళంలో దిగాలి. మాంబళం స్టేషను నుంచి టీ నగర్ బస్టాండు వరకు 2023లో ఒక ఆకాశ నడవ కట్టారు, రంగనాథన్ వీధి జనంలో నలగకుండా దాని మీద నడిచి వెళ్ళిపోవచ్చు. మైలాపూరుకు మెట్రో ఇంకా లేదు, వేళచ్చేరి వెళ్ళే లోకల్ ఎక్కి తిరుమయిలైలో దిగాలి. ఆ స్టేషనులో మెట్లు ఎక్కువ కనుక అమ్మగారితో వెళ్ళే రోజు మాత్రం ఆటో మాట్లాడుకోండి.

పుత్తూరు కట్టు
ఆ స్టేషను మెట్ల మాట విన్నప్పటి నుంచి మా ఊరి వైద్యులు కట్టు కట్టడానికి వెదురు బద్దలు సిద్ధం చేసుకుంటున్నారు.

కపిలతీర్థం
ఎగ్మూరులో దిగమన్న సలహాను నేను మరో కారణంతో సమర్థిస్తాను. 1851లో ఏర్పడిన ప్రభుత్వ మ్యూజియం అక్కడే ఉంది. తిరుపతి నుంచి ఏటా వేల మంది ఆ గోడ పక్కగా ఆసుపత్రులకు వెళ్తారు, లోపలికి వెళ్ళిన వారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అమరావతి స్తూపం శిల్పాలు చూడాలంటే మనం అమరావతికి వెళ్ళి లాభం లేదు, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన రాళ్ళు మద్రాసుకు చేరాయి, వాటిలో చాలా భాగం తరువాత లండన్ వెళ్ళిపోయాయి, మిగిలినవి ఇక్కడ ఉన్నాయి. పాలరాతి లాంటి ఆ తెల్లరాయి మీద ఒక్కొక్క మనిషి మొఖంలో భావం వేరుగా ఉంటుంది.

ఇక కంచు విగ్రహాల భవనం వేరుగా ఉంది. అక్కడ తిరువాలంగాడు నటరాజు ముందు పిల్లలను కాసేపు నిలబెట్టండి. చాలా నటరాజ విగ్రహాలలో జటలు రెండు పక్కలా విసనకర్రలా పరుచుకుని ఉంటాయి, చుట్టూ జ్వాలల చక్రం ఉంటుంది. ఈ విగ్రహానికి ఇప్పుడు ఆ రెండూ లేవు, అందువల్ల ఎత్తిన కాలు, వంగిన మోకాలు, నడుము తిరిగిన తీరు అడ్డు లేకుండా కనిపిస్తాయి. మీరు గరుడాద్రిలో వెళ్ళేటప్పుడు అరక్కోణం దాటాక తిరువాలంగాడు అనే చిన్న స్టేషను వస్తుంది, ఆ విగ్రహం ఆ ఊరిదేనని రైల్లోనే పిల్లలకు చెప్పి ఉంచితే అక్కడికి వెళ్ళాక వాళ్ళే వెతుక్కుంటారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ సంగతి మరవకండి.

తోతాపురి
మాస్టారూ, అయిదో తరగతి పిల్లవాడు నటరాజు నడుము చూస్తాడా? వాడు చూసేది అక్కడి తిమింగలం ఎముకల గూడు. మా వాడు దాని ముందు నుంచి కదలనని మొండికేశాడు, అమరావతి మాత్రం మళ్ళీ వచ్చినప్పుడు చూద్దామన్నాడు.

కపిలతీర్థం
తిమింగలాన్ని ముందు చూపించి తరువాత నటరాజు దగ్గరకు తీసుకువెళ్ళడం తండ్రి నేర్పు మీద ఆధారపడి ఉంటుంది.

స్వర్ణముఖి ఒడ్డు
చెన్నైలో చూడవలసినవి ఉన్నాయా అని మన జిల్లా వాళ్ళే అడగడం నాకు విడ్డూరంగా ఉంది. ఆ ఊరు మొదలైనదే మన చంద్రగిరి నీడలో. చంద్రగిరి రాయల సామంతుడు దామెర్ల వెంకటప్ప నాయకుడు 1639లో ఈస్టిండియా కంపెనీ వారికి ఇచ్చిన సముద్రపు ఒడ్డు నేల మీదనే సెయింట్ జార్జి కోట లేచింది, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అయింది. మనం చంద్రగిరి రాజమహలు చూశాము కాబట్టి ఆ కోట కూడా చూస్తే కథ రెండో సగం పూర్తవుతుంది. కోటలోనే సచివాలయం ఉంది కనుక గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోవాలి. లోపల 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి ఉంది, రాబర్ట్ క్లైవు పెళ్ళి 1753లో జరిగింది అందులోనే.

టీ నగర్‌లో పట్టుచీరల కొట్ల మధ్య ఉన్న పానగల్ పార్కులో మన వాళ్ళు ఎందరో సంచులు దించుకుని కూర్చుంటారు. ఆ పానగల్లు మా శ్రీకాళహస్తి పక్కదే. 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రిగా ఉన్న పానగంటి రామరాయనింగారు పానగల్లు రాజా. టీ నగర్‌లోని త్యాగరాయ కూడా పిట్టి త్యాగరాయ చెట్టి అనే తెలుగువారే. మైలాపూరు దగ్గర రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారు ఉన్న ఇల్లు ఉంది. 1952లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేసి ప్రాణాలు విడిచిన ఇల్లు అది, ఇప్పుడు స్మారక భవనం. మన రాష్ట్రం పుట్టుక తెలుసుకునే వయసు మీ పెద్ద పిల్లవాడికి వచ్చింది, ఒక అరగంట అక్కడ ఆగండి.

పుత్తూరు కట్టు
ఇంత చరిత్ర నడిచి చూస్తే అమ్మగారి మోకాళ్ళు తిన్నగా మా ఊరికే వస్తాయి.

అలిపిరి మెట్లు
ఎనిమిదో తరగతి చదివేది అమ్మాయండీ, పొట్టి శ్రీరాములు గారి గురించి పాఠం చదివానని, ఆ ఇల్లు చూస్తానని ఇప్పటికే అడుగుతోంది. మా ఆవిడ మాత్రం ఈ పోస్టులన్నీ చదివి, "చీరల మాట ఒక్కరూ ఎత్తలేదు" అన్నది. మాఘంలో మా మరదలి పెళ్ళి ఉంది. పట్టుచీరలకు టీ నగర్ మేలా, కంచికి వెళ్ళడం మేలా? నగరి వారు ఎవరైనా చెప్పగలరా?

నగరి మరమగ్గం
నేను మరమగ్గాల మధ్య పెరిగినవాడిని కాబట్టి పేరు చూసి నమ్మకండి, చీర తిరగేసి చూడండి. చేనేత కంచి పట్టులో పాత పద్ధతి చీరకు అంచు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు ఉంటే ఆ రెండింటినీ వేరు వేరు కండెలతో నేసి పోగు పోగుకూ పెనవేసి కలుపుతారు. దాన్ని అక్కడ కోర్వై అంటారు, మగ్గం మీద నేతగాడికి తోడుగా ఇంకొకరు కూర్చుంటే గాని ఆ పని సాగదు. ఆ అతుకు దగ్గర చీరను వెనక్కు తిప్పి వేలితో తడిమితే సన్నగా గట్టు తగులుతుంది, గీత కూడా కొద్దిగా పళ్ళు పళ్ళుగా కనిపిస్తుంది. ఒకే కండెతో నేసిన చీరలో అయితే ఒంటి రంగు పోగు అంచులోకి కూడా సాగిపోయి అంచు రంగు మసకబారుతుంది, వెనక గట్టు ఉండదు. అది తప్పుడు చీర కాదు, కానీ కోర్వై చీర ధర దానికి పెట్టకూడదు. ఈ ఒక్క పరీక్ష చేస్తే కొట్టువాడు మీతో మాట్లాడే తీరే మారుతుంది.

సిల్క్ మార్క్ చీటీ పట్టు నిజమైనదని మాత్రమే చెబుతుంది, చేతి మగ్గం మీద నేశారని చెప్పదు. దానికి చేనేత గుర్తు వేరే ఉంటుంది. జరీ సంగతి అంతకంటే చిక్కు, వెండి జరీ అని నోటితో చెబితే చాలదు, బిల్లు మీద రాయించుకోండి. కంచికి వెళ్ళేవారు నేరుగా సహకార సంఘాల దుకాణాలకు వెళ్ళాలి. చెన్నై వదలడం ఇష్టం లేకపోతే ఎగ్మూరులో కో-ఆప్టెక్స్ ఉంది, తమిళనాడు చేనేత సంఘాల సరుకు అక్కడ దొరుకుతుంది, బేరం ఉండదు, బలవంతం కూడా ఉండదు. టీ నగర్‌లో 1928 నుంచి నడుస్తున్న నల్లి మొదలుకొని పెద్ద కొట్లు చాలా ఉన్నాయి, ఎంచుకోవడానికి అంత సరుకు మరెక్కడా ఒక్కచోట కనిపించదు. అయితే దీపావళి ముందు శని, ఆదివారాల్లో ఆ వైపు తిరిగి చూడకండి.

బెల్లం మండీ
కంచిలో ఆటో వాళ్ళ సంగతి కూడా చెప్పండి. మేము సంఘం దుకాణానికి పోనిమ్మంటే, అది మూసేశారని చెప్పి వేరే కొట్టు ముందు దించాడు. లోపల చాప మీద కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, యాభై చీరలు పరిచారు. అంత పరిచాక ఏమీ కొనకుండా లేవడానికి మొహమాటం అడ్డొచ్చింది. బయటికి వచ్చాక చూస్తే సంఘం దుకాణం రెండు వీధుల అవతల తెరిచే ఉంది. మాకు తమిళం బాగా వచ్చు, అయినా ఇలా జరిగింది.

తోతాపురి
చిత్తూరు వాళ్ళకు తమిళం వచ్చు కాబట్టే కాఫీ దాకా వెళ్ళింది, రానివాడు ఆటోలోనే కూర్చుని ఉండేవాడు.

తోతాపురి
నా సలహా వేరు. పెళ్ళి ఉంది కనుక ఒక పూట సౌకార్‌పేటకు కేటాయించండి. గోడౌన్ వీధిలో జాకెట్టు గుడ్డలు, బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలు, మింట్ వీధి చుట్టుపక్కల గిల్టు నగలు, పెళ్ళి అలంకరణ సామాను, గాజులు, మన ఊళ్ళో కొట్లకు సరుకు వచ్చేదే అక్కడి నుంచి.

నగరి మరమగ్గం
గోడౌన్ వీధి టోకు బజారు. ఒక్క ముక్క అడిగితే చాలా కొట్లలో తల అడ్డంగా ఊపుతారు. పెళ్ళికి ముప్పై, నలభై పెట్టుబడి చీరలు ఒకేసారి కొనేవారికి తప్ప అది లాభసాటి కాదు, ఆ తోపుడు బండ్ల మధ్య పెద్దావిడను నడిపించడం అసలే కుదరదు.

తోతాపురి
పెద్దావిడను గదిలో ఉంచి వెళ్ళమనే నా ఉద్దేశం. ముప్పై చీరల సంగతి మీరే ఒప్పుకున్నారు, మన పెళ్ళిళ్ళలో ముప్పైతో ఎవరు సరిపెడుతున్నారు?

గాంధీ రోడ్డు కాఫీ
సౌకార్‌పేట పేరెత్తి గిల్టు నగల దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు. అక్కడ మార్వాడీలు, గుజరాతీలు తరాలుగా ఉంటున్నారు, సాయంత్రం మింట్ వీధిలో వేడి జిలేబీ, పాలమీగడ కుల్ఫీ తినవచ్చు. మురుకుల మధ్య దోసకాయ, టమోటా ముక్కలు, పచ్చడి పెట్టి ఇచ్చే మురుకు శాండ్‌విచ్ ఆ పేటలోనే పుట్టింది. అక్కడికి దగ్గరలోనే, బీచ్ స్టేషను ఎదురు సందుల్లో బర్మా నుంచి తిరిగి వచ్చిన తమిళులు అమ్మే అత్తో ఉంటుంది. నారింజ రంగు నూడుల్సును గిన్నెలో వేసి, క్యాబేజీ తురుము, వేయించిన ఉల్లిపాయలు, వెల్లుల్లి నూనె, చింతపండు పులుసు, కారం వేసి చేత్తోనే కలిపి ఇస్తాడు, పక్కన అరటి దూట సూపు ఊరికే పోస్తాడు. కారం తక్కువ అనే మన వాళ్ళ ఫిర్యాదు అక్కడ నిలవదు.

అమ్మగారి మాటకు వస్తే, ఇడ్లీ, పొంగలి, పెరుగన్నం తినేవారికి చెన్నైలో ఏ వీధిలోనూ లోటు లేదు. తిరువళ్ళిక్కేణిలో 1948 నుంచి ఉన్న రత్నా కేఫ్‌లో ఇడ్లీ మీద సాంబారు పోయరు, సాంబారులోనే ఇడ్లీని ముంచేస్తారు, అడిగితే మళ్ళీ మళ్ళీ పోస్తారు. పార్థసారథి గుడి అక్కడికి దగ్గరే కాబట్టి ఉదయం దర్శనం, తరువాత ఫలహారం ఒకే విడతలో అయిపోతాయి. మధ్యాహ్నం పప్పు, గోంగూర, ఆవకాయ లేనిదే ముద్ద దిగని వారికి ఆంధ్రా మెస్సులు కూడా ఉన్నాయి, కానీ వారం పాటు అవే తినడానికైతే తిరుపతిలోనే ఉండవచ్చు. మాంసాహారం తినేవారు మౌంటు రోడ్డు బుహారీకి వెళ్ళాలి, చికెన్ 65 అక్కడే 1965లో మొదలైందని చెప్పుకుంటారు. సంగటి, నాటుకోడి పులుసు తిని పెరిగిన నాలుకకు అది గొప్పగా అనిపించకపోవచ్చు, పరోటాతో తింటే మాత్రం బాగుంటుంది.

బెల్లం మండీ
సాంబారులో తీపి గురించి మీరు మాట్లాడలేదు.

గాంధీ రోడ్డు కాఫీ
సాంబారులో బెల్లం ఎక్కువ వేసేది బెంగళూరులో. బెల్లం మండీ అని పేరు పెట్టుకుని మీరు తీపి గురించి ఫిర్యాదు చేయడం కూడా బాగాలేదు.

మైలాపూరు కోడలు
నేను తిరుపతిలో పుట్టి మైలాపూరులో కాపురం ఉంటున్నదాన్ని. ఇందరు ఇంత రాశారు గాని దసరా అని మొదలుపెట్టి కొలువు ఊసే ఎత్తలేదు. నవరాత్రులకు పది రోజుల ముందు నుంచి కపాలీశ్వరుడి గుడి ఉత్తర మాడ వీధి పొడవునా బొమ్మల దుకాణాలు వెలుస్తాయి. మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు, దశావతారాల వరుసలు, పెళ్ళి ఊరేగింపులు, సంతలో చెట్టియారు అంగడి, క్రికెట్ జట్టు, గరుడ సేవ కూడా ఉంటుంది. మన తిరుమల మాడ వీధులను అంగుళమంత మనుషులతో చేసి పెట్టిన వరుస చూసి నాకు నవ్వు వచ్చింది, క్యూ లైను మాత్రం అందులో చాలా చిన్నది. నవరాత్రులు మొదలయ్యాక వెళ్తే ధర తగ్గుతుంది, మంచి బొమ్మలు మాత్రం అప్పటికి అయిపోయి ఉంటాయి. కాగితపు గుజ్జు బొమ్మ తేలిక, రైల్లో పగలదు, మట్టి బొమ్మకు గడ్డి చుట్టించుకోవాలి. సాయంత్రాలు గుళ్ళలో, సంగీత సభల్లో కచేరీలు ఉంటాయి, చాలావాటికి టికెట్టు ఉండదు. అమ్మగారికి కుర్చీలో కూర్చుని చూసే కార్యక్రమం ఇంతకంటే మంచిది ఉండదు.

ఆయుధపూజ నాడు, విజయదశమి నాడు కొట్లకు వెళ్ళాలనుకుంటే ముందుగా కనుక్కుని బయలుదేరండి, చాలామంది పూజ చేసి మూసేస్తారు. ఆ రోజు రోడ్ల మీద దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయలు జారుతాయి, పిల్లల చేతులు పట్టుకుని నడవాలి. ఆడవారికి సాధారణ సిటీ బస్సుల్లో టికెట్టుకు డబ్బు లేదు, కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. మెరీనాలో సాయంత్రం సుండల్ అనే గుగ్గిళ్ళు, మిరపకాయ బజ్జీలు తినండి, గవ్వలు ఏరుకోండి, నీళ్ళలో మాత్రం మోకాలు దాటి దిగనివ్వకండి, ఆ ఒడ్డున లాగే కెరటం ఎందరినో మింగింది.

స్వర్ణముఖి ఒడ్డు
మహాబలిపురం ఇంకా ఎవరూ చెప్పకపోవడం ఆశ్చర్యం.

రేణిగుంట జంక్షన్
అది అందరికీ తెలిసినదే కాబట్టి చెప్పి ఉండరు. తూర్పు తీర రహదారి మీద కారు ఒక రోజుకు మాట్లాడుకుంటే ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర, తరువాత మొసళ్ళ బ్యాంకు, ఆ తరువాత మహాబలిపురం ఒకే దారిలో వస్తాయి. మొసళ్ళ వారికి సోమవారం, దక్షిణచిత్రకు మంగళవారం సెలవు కాబట్టి బుధ, గురువారాల్లో పెట్టుకోండి. దక్షిణచిత్రలో పాత ఇళ్ళను ఊడదీసి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు, తెలుగు ఇళ్ళు కూడా ఉన్నాయి. మహాబలిపురంలో అర్జున తపస్సు అనే రాతి శిల్పాన్ని మిట్టమధ్యాహ్నం చూడకండి. పొద్దున్నే వెళితే ఏనుగుల పక్కన ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న దొంగ పిల్లి, దాని చుట్టూ చేరిన ఎలుకలు కూడా స్పష్టంగా తెలుస్తాయి.

కపిలతీర్థం
అలా పొద్దున్నే మహాబలిపురం చేరాలంటే దారిలోని రెండూ తిరుగు ప్రయాణంలో చూడాలి, అప్పటికి పిల్లలు అలసిపోతారు. మొసళ్ళో దక్షిణచిత్రో, ఒకటి వదులుకోండి. నా ఓటు దక్షిణచిత్రకు.

తోతాపురి
పిల్లల ఓటు మొసళ్ళకు. జంతు ప్రదర్శనశాల మనకు తిరుపతిలోనే ఉంది కాబట్టి వండలూరు మాత్రం వదిలేయండి.

అలిపిరి మెట్లు
అందరి మాటలూ విన్నాక ఇలా అనుకుంటున్నాము. ఎగ్మూరులో గది. మొదటి రోజు ఏమీ పెట్టుకోకుండా మ్యూజియం మాత్రమే. తరువాతి రోజు ఉదయం పార్థసారథి గుడి, రత్నా కేఫ్, సాయంత్రం మెరీనా. ఒక రోజు కోట, బీచ్ స్టేషను సందులు, అమ్మ ఆ పూట గదిలో విశ్రాంతి తీసుకుంటుంది. మైలాపూరుకు ఒక పూర్తి రోజు, అందులోనే పొట్టి శ్రీరాములు గారి ఇల్లు. మహాబలిపురం ఒక రోజు, దారిలో మొసళ్ళు, ఇంట్లో ఓటింగు పెడితే దక్షిణచిత్ర ఒక్క ఓటుతో ఓడిపోయింది. టీ నగర్ ఒక రోజు. కంచి మానేసి కో-ఆప్టెక్స్‌లోనే అంచు వెనక తడిమి చూస్తాము. బావమరిదికి ఈ పట్టిక చూపిస్తే, తానూ వస్తానంటున్నాడు.

మైలాపూరు కోడలు
టీ నగర్‌ను చివరి రోజు పెట్టకండి. జాకెట్టు గుడ్డ రంగు కలవకపోతే మార్చుకోవడానికి ఒక రోజు చేతిలో ఉండాలి. కొట్లు తెరవగానే వెళ్ళి మధ్యాహ్నానికి బయటపడండి. మరొక మాట, చెన్నై వాళ్ళెవరైనా మీది తిరుపతి అని తెలుసుకుంటే లడ్డు అడుగుతారు, నాలుగు వెంట తెచ్చుకుంటే లాడ్జి వాడి దగ్గర నుంచి ఆటో వాడి దాకా పనులు సాగుతాయి.

రేణిగుంట జంక్షన్
బావమరిది కూడా వస్తే ఆరు టికెట్లు. రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. వెళ్ళేటప్పుడు రైలు ఖాళీగానే ఉండవచ్చు గాని, తిరిగి వచ్చే రోజు దేశంలో ఉన్న భక్తులందరూ మీతో పాటు తిరుపతికే బయలుదేరతారు. రాకకు టికెట్లు ముందు తీసుకుని, పోక సంగతి తరువాత చూసుకోండి.